పెదనాన్న చెవి రాడ్డు

మొన్న దసరా దాకా మా ఇంట్లో టీవీ వెనకాల గోడకి చేరేసి ఒక ఇనుప రాడ్డు ఉండేది. రెండు మూరల పొడుగు, చిటికెన వేలంత లావు. ఒక కొస మొనదేలి ఉంటుంది. రెండో కొసని కొలిమిలో కాల్చి సాగగొట్టి రూపాయి బిళ్ళంత చేశారు. ఆ బిళ్ళ ఒక్కటే నున్నగా మెరుస్తుంది, మిగతా అంతా నల్లగా జిడ్డు పట్టి ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ దాన్ని రెండుసార్లు పాత ఇనుము వాడికి వెయ్యబోయింది. అది మా పెదనాన్న చెవి అని చెప్తే ముందు నవ్వింది, తర్వాత భయపడింది.

పెదనాన్నకి సాలూరులో లారీ మెకానిక్ షెడ్డు ఉండేది. షెడ్డు వెనకాలే ఇల్లు. నాన్న ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి నేను పెదనాన్న దగ్గరే ఉండి చదువుకున్నాను. చదువుకున్నాను అనడం కంటే గ్రీజు పూసుకున్నాను అనడం నిజం. నా ఎనిమిదో తరగతి లెక్కల నోటుపుస్తకం ఇప్పటికీ ఉంది, ప్రతి పేజీలోనూ బొటనవేలి ముద్రలు.

సాలూరు ఏ జిల్లా అని అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కళ్ళూ ఒక్కో జవాబు చెప్తారు. తాత విశాఖపట్నం జిల్లాలో పుట్టాడు. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే ఊరు అందులోకి పోయింది. 1979లో విజయనగరం జిల్లా వస్తే ఇందులోకి వచ్చింది, మా బడి రోజులన్నీ ఆ లెక్కే. 2022లో పార్వతీపురం మన్యంలో కలిసింది. "బండి షెడ్డులోనే ఉన్నాది, పర్మిట్లు మాత్రం మారిపోతన్నాయి" అంటాడు కామెట్ బాబాయి. ఆయన గురించి చెప్తాను, ఆగండి.

విజయవాడ తర్వాత రాష్ట్రంలో లారీలంటే సాలూరే అని మా ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. గొప్పే గానీ గాలి మాట కాదు. ఊరు దాటితే కొండలు మొదలు. పి.కోనవలస మీదుగా ఘాటీ ఎక్కి, సుంకి దాటి, కొరాపుట్టు, ఆపైన రాయపూరు దాకా పోయే రోడ్డది. అప్పుడు దాన్ని 43వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు మా వైపు దాని నంబరు 26. ఘాటీ ఎక్కే బండి ముందు మా ఊళ్ళో ఆగి ఊపిరి పీల్చుకోవాలి, దిగి వచ్చిన బండి బ్రేకులు చల్లార్చుకోవాలి. అంచేత ఊళ్ళో కమాను పట్టీలు వేసేవాళ్ళు, డైనమో చుట్టేవాళ్ళు, టైర్ల షాపులు, బాడీలు కట్టే వడ్రంగులు. ఊరికి అన్నం పెట్టింది ఆ కొండే అని నా లెక్క.

కొత్త లారీ అంటే ఇప్పట్లాగ ఏసీ కేబిన్‌తో తయారుగా వచ్చేది కాదు. జంషెడ్‌పూర్ నుంచి టాటాదో, మద్రాసు దగ్గర ఎన్నూరు నుంచి లేలాండుదో ఉత్త చాసిస్సు వచ్చేది. ముందు ఇంజను, వెనక రెండు ఇనుప దూలాలు, నాలుగు మూలలా చక్రాలు. కేబిన్ లేదు, అద్దం లేదు. డ్రైవరు ఒక చెక్క పెట్టె లాంటి సీటు మీద కూర్చుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తలకీ మూతికీ తువ్వాలు చుట్టుకుని అంత దూరమూ తోలుకొచ్చేవాడు. వచ్చేసరికి మొహం మీద కళ్ళద్దాల మేర తప్ప మిగతా అంతా ఎర్ర దుమ్ము. మా పెద్దమ్మ వాళ్ళకి ముందు రెండు చెంబుల నీళ్ళిచ్చి, తర్వాత ఎవరు నువ్వు అని అడిగేది. ఆ అస్థిపంజరానికి మా ఊరి వడ్రంగులు చెక్కతో కేబినూ, తొట్టీ కట్టి, పెయింటరు నుదుటి మీద శ్యామలాంబ అమ్మవారి పేరు రాస్తే, అప్పుడది లారీ.

ఆదివారం షెడ్డుకి సెలవు. సెలవు అంటే కొత్త పని పట్టరు అంతే. జనం మాత్రం ఆ రోజే ఎక్కువ. లోడు దొరకని డ్రైవర్లు, ఒక్క బండి ఉన్న ఓనర్లు, బండి అమ్ముకున్నా అలవాటు పోనివాళ్ళు. పాత టైరు మీద కొందరు, జాకీ దిమ్మ మీద కొందరు, బోర్లించిన గ్రీజు డబ్బా మీద నేను. టీ, ఉల్లిపాయ పకోడీ, బీడీలు.

అందులో ముగ్గురు ఎప్పుడూ ఉండేవారు. పేర్లతో ఎవరూ పిలిచేవారు కాదు, బళ్ళే పేర్లు. కామెట్ బాబాయి అశోక్ లేలాండ్ కామెట్ తోలేవాడు. బెంజి మావయ్యది టాటా బెంజి 1210. అందరికంటే పెద్దవాడు ఫార్గో తాత. ఆయన బండి బొంబాయి ప్రీమియర్ వాళ్ళ ఫార్గో, లోపల పెర్కిన్స్ పి6 డీజిల్ ఇంజను. నాకు జ్ఞానం వచ్చేసరికే ఆ బండికి స్పేర్లు దొరకడం కష్టమైపోయింది. ఆయన మాత్రం "బండి ముసిల్ది కానేదు, షాపులోళ్ళు కుర్రోళ్ళయిపోనారు" అనేవాడు.

వాదన ఎక్కడ మొదలైనా లేలాండా, బెంజా అన్న చోటికే వచ్చేది.

"లేలాండంటే ఏనుగు బావా. లోడెక్కువైతే ఊఁ అంటాది గానీ ఆగదు."

"ఏనుగే. మేత కూడా ఏనుగుదే."

"మీ బెంజి మేత తక్కువే, నిజమే. ఘాటీలో సగం దూరం మేమే నెడతన్నాం కదా!"

1210 అన్న అంకెకి అర్థం నాకు పెదనాన్నే చెప్పాడు. ముందు రెండంకెలూ మొత్తం బరువు, 12 టన్నులు. వెనక రెండూ పదితో హెచ్చవేస్తే 100 గుర్రాల బలం. తర్వాత 1612 వచ్చినప్పుడు 16 టన్నులు, 120 గుర్రాలని నేనే లెక్క చెప్పేసి ఒక పకోడీ ఎక్కువ తిన్నాను. టాటాలు జర్మనీ డైమ్లర్ బెంజితో 1954లో పదిహేనేళ్ళకి ఒప్పందం చేసుకున్నారు. 1969లో అది ముగిసి, లారీ మూతి మీద మూడు కొమ్మల నక్షత్రం పోయి టి అక్షరం వచ్చింది. ఆ సంగతిని బెంజి మావయ్య ఇంట్లో మనిషి పోయినట్టు చెప్పేవాడు. ఆయన బండి 1968ది, నక్షత్రం ఉన్నది. రాత్రి లోడు దించడానికి ఎక్కడైనా ఆపితే ఎవడైనా ఊడబీకుతాడని దాని మీద గోనె గుడ్డ కట్టేవాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పాటు నక్షత్రం లేని టాటాలని కూడా జనం బెంజి అనే పిలిచారు. ఆయనకి అది ఒళ్ళుమంట.

ఇక ఫార్గో తాత పట్టుదల వేరు. డాడ్జి కంటే ఫార్గో గట్టిదంటాడు. పెదనాన్న ఓపిగ్గా చెప్పేవాడు: "రెండూ ఒక్క కార్ఖానాలోంచే ఒచ్చినాయి తాతా. మూతి మీద పలకొక్కటే తేడా."

"పలక మారితే మనిషి మారిపోడేటి? పెసిరెంటుని సూణ్ణేదా?"

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ఏడే పంచాయతీ ఎన్నికలు అయ్యాయి.

ఇంతసేపూ రిపేర్ల గురించే కదా మాట్లాడుకుంటున్నారు అని నేను అనుకునేవాణ్ణి. నాకు పదమూడేళ్ళు, వినపడిందే అర్థం. ఒక ఆదివారం కామెట్ బాబాయి బీడీ ఆర్పి, ఎటో చూస్తూ అన్నాడు: "మా పెద్దోడు క్లచ్చు జారతన్నాడు మేస్త్రీ. రేసిస్తే సౌండే గానీ ముందుకి కదలడు."

పెదనాన్న చేతిలో ఉన్న, ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిల్‌ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. "ప్లేటు అరిగిపోనాదని ముందే అనీకు. పెడలుకి ఖాళీ ఉన్నాదో నేదో సూడు. నువ్వు ఎప్పుడూ కాలు దాని మీదే ఎట్టుకుని కూకుంటే కొత్త ప్లేటైనా జారతాది."

కామెట్ బాబాయి మాట్లాడలేదు. ఇంకో బీడీ ముట్టించాడు. కొన్నాళ్ళకి వాళ్ళ పెద్దబ్బాయి విశాఖపట్నంలో ఏదో వర్క్‌షాపులో చేరాడని విన్నాను. వాడి మీద కాలు తీసేసినట్టున్నాడు.

రాడ్డు సంగతికి వస్తాను. ఇంజను నడుస్తుంటే మొన ఉన్న కొసని బ్లాకు మీద పెట్టి, బిళ్ళని చెవి ముందు ఎముకకి ఆనిస్తే లోపల జరుగుతున్నదంతా చెవిలో మోగుతుంది. టాపెట్ల దగ్గర పెడితే టిక్ టిక్ మని గోడ గడియారం. పంపు దగ్గర గుటకలు. కింద క్రాంకు దగ్గర మందంగా, తలుపు అవతల ఎవరో నడుస్తున్నట్టు. పెదనాన్న కళ్ళు మూసుకుని ఒక్కో చోటా రాడ్డు మారుస్తూ పోయేవాడు. షెడ్డులో అందరూ మాటలు ఆపేసేవారు. దేవుడి గదిలో కూడా మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఉండేది కాదు.

ఏ సిలిండరు పని చెయ్యడం లేదో పట్టుకోవడానికి రాడ్డు కంటే సులువైన పద్ధతి ఇంకోటి ఉంది. నాకు ముందు నేర్పింది అదే. ఆరు సిలిండర్లకీ డీజిలు తీసుకుపోయే ఆరు సన్న పైపులుంటాయి. ఇంజను ఆడుతుంటే ఒక్కో పైపు నట్టూ పానాతో కొంచెం వదులు చెయ్యాలి. డీజిలు చిమ్ముతుంది, ఆ సిలిండరు ఆగుతుంది, ఇంజను కుంటుతుంది. మళ్ళీ బిగించి రెండోదానికి పోవాలి. ఏ నట్టు వదులు చేస్తే ఇంజను శబ్దంలో తేడా రాదో ఆ సిలిండరే దొంగ. ముందు నుంచీ అది పని చెయ్యడం లేదు, అందుకే ఆపినా తెలియలేదు. "ఆపీసుల్లో కూడా ఇలాగే పట్టొచ్చు" అనేవాడు పెదనాన్న. ముప్పై ఏళ్ళు ఆఫీసులో చేశాక చెప్తున్నాను, పట్టొచ్చు.

ఒకసారి లేలాండు బండి ఒకటి వచ్చింది, డ్రైవరుది టెక్కలి వైపు. లోపల టక్ టక్ మంటోంది మేస్త్రీ అన్నాడు. పెదనాన్న పైనుంచి కింద దాకా రాడ్డు పెట్టి విన్నాడు. ఏమీ లేదన్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, అదే మాట. మళ్ళీ విన్నాడు, ఏమీ లేదు. మూడోసారి వచ్చినప్పుడు సాయంత్రం అయింది. పెదనాన్న రాడ్డు తియ్యలేదు. "ఇంటికెప్పుడెల్లినావు నాయినా?" అని అడిగాడు.

అతను చాలాసేపు టైరు వైపే చూశాడు. ఇంటిది పోయి మూణ్ణెల్లయిందన్నాడు. పిల్లల్ని అత్తారు తీసుకుపోయారట. ఖాళీ బండి తోలుకుంటూ పోతుంటేనే ఆ శబ్దం వినపడుతోందట, లోడు మీద ఉంటే వినపడదట.

అప్పుడు రాడ్డు తీసి, ఇంజను స్టార్ట్ చెయ్యమని, పెదనాన్న ఒంగి బ్లాకు కింది భాగంలో పెట్టి విన్నాడు. ఎప్పుడూ అంతసేపు వినలేదు. లేచి, "ఉన్నాది. మెయిన్ బేరింగు కాడ. ఇలాగే తోలితే క్రాంకు పోతాది. రెండ్రోజులు బండి ఇక్కడ ఎట్టాల" అన్నాడు. ఓనరుకి ట్రంకు కాల్ చేసి తనే చెప్పాడు.

ఆ రెండు రోజులూ అతను మా షెడ్డు బల్ల మీదే పడుకున్నాడు. పొద్దున్నే పెద్దమ్మ పోసిన చోడంబలి తాగాడు. రాత్రిళ్ళు ఫార్గో తాత కూడా వచ్చి కూర్చునేవాడు. వాళ్ళావిడ పోయి అప్పటికి పదేళ్ళు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, నేను నిద్రపోయేవాణ్ణి. రెండో రోజు రాత్రి మెలకువొస్తే అతను నవ్వడం వినపడింది. మూడో రోజు పెదనాన్న ఇంజనాయిలు మార్చి, ఏదో నట్టు మీద పానా వేసి ఒక తిప్పు తిప్పి, పోయిందన్నాడు. ఆయిలు డబ్బులే తీసుకున్నాడు.

"నాకే శబ్దం వినపడలేదు పెదనాన్నా" అన్నాను బండి వెళ్ళిపోయాక.

"నీకింకా చెవి రానేదులే" అన్నాడు.

ఆ ఓనరెవరో గానీ రెండు రోజుల కిరాయి పోగొట్టుకున్నాడు. అది న్యాయమా అని ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. డీజిలు బండికి లైనులో గాలి చేరితే అంతే సంగతులు, ఇంజను ఆగిపోతుంది. ఫిల్టరు మార్చినప్పుడల్లా గాలి తియ్యాలి. ఫిల్టరు నెత్తిన ఉండే చిన్న స్క్రూ వదులు చేసి, పంపు పక్కనున్న చేతి పిడిని బొటనవేలితో కొడుతూ ఉండాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, తర్వాత బుడగ లేకుండా డీజిలు ధారగా వస్తుంది. అప్పుడు స్క్రూ బిగించాలి. బెంజి మావయ్య బండికి ఆ పని నాకు అప్పజెప్పారు. చేత్తో బిగించాను, పానా తెద్దామని లేచాను. అప్పుడే బొబ్బిలి నుంచి వచ్చే రైలు కూత వినపడింది. రైల్లో మా నాన్న వస్తానన్నాడు. పరిగెత్తాను.

ఆ రాత్రి ఉప్పు బస్తాల లోడుతో బెంజి ఘాటీ ఎక్కింది. కోనవలస దాటాక ఒక మెలిక దగ్గర ఆగిపోయింది. క్లీనరు దూకి వెనక చక్రాలకి దిమ్మలు వేశాడు కాబట్టి సరిపోయింది. ఘాటీలో ఎక్కిన గేరులోనే దిగాలి అని మా వాళ్ళ సూత్రం. అది ఇంజను ఆడుతున్నప్పటి మాట. ఇంజను ఆగిపోయి బండి వెనక్కి జారడం మొదలుపెడితే అంత బరువుని బ్రేకు ఎంతసేపు పట్టుకుంటుంది? మావయ్య నోట్లో టార్చి కరిచిపట్టుకుని ఒక్కడే గాలి తీసుకుని బండి స్టార్ట్ చేసుకున్నాడు.

మూడు రోజుల తర్వాత వచ్చి అందరి ముందూ చెప్పాడు: "ఎక్కడో ఎయిర్ లాగింది మేస్త్రీ. పాత పైపు కదా." నా వైపు చూడలేదు. పోయేటప్పుడు మాత్రం తన టూల్ సంచిలోంచి ఆ స్క్రూకి సరిపోయే చిన్న పానా తీసి నా జేబులో వేశాడు. "మళ్ళా తెచ్చుకోడానికి లెగక్కర్నేదు" అన్నాడు.

రాత్రి అన్నం దగ్గర పెదనాన్న తలెత్తకుండా, "పాత పైపేటి కాదు. నానే కొత్తది ఏసినాను" అన్నాడు. అంతే. నాకు ముద్ద దిగలేదు. ఆ పానా ఇంటర్ అయ్యేదాకా నా పుస్తకాల సంచిలోనే ఉంది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే, తొందరగా చెప్పేస్తాను. టర్బో ఇంజన్లు వచ్చాయి, పవర్ స్టీరింగు వచ్చింది, కేబిన్లు కంపెనీలోనే కట్టేస్తున్నారు. ఇప్పటి మెకానిక్కు వైరు గుచ్చి లాప్‌టాప్ చూస్తాడు, తప్పేమిటో అదే చెప్తుంది. మంచిదే, అంత డీజిలు మొహాన చిమ్మించుకోనక్కర్లేదు. పెదనాన్న 2009లో పోయాడు. షెడ్డు అద్దెకిచ్చేశాం. నేను ఉద్యోగం మీద విజయనగరం వచ్చి ఇక్కడే ఉండిపోయాను.

బెంజి మావయ్య కూడా కొడుకు దగ్గరికి విజయనగరం వచ్చేశాడు. వస్తూ వస్తూ లారీని కూడా తెచ్చాడు. కొడుకు పాపం మంచివాడు, అమ్మేద్దాం నాన్నా అని అయిదారేళ్ళు అడిగి మానేశాడు. గజపతినగరం రోడ్డు మీద వాళ్ళకి చిన్న మామిడి తోట ఉంది. అందులో రేకుల పాక వేసి బెంజిని పెట్టాడు. ముఖం పల్లం వైపు. బ్యాటరీ మీద నమ్మకం లేని కాలం మనిషి, బండిని ఎప్పుడూ దిగుడు వైపుకే నిలబెడతాడు, సెల్ఫ్ పలక్కపోతే వదిలేసి గేరులో పట్టుకోవచ్చని.

చట్టంలో అలాంటి బండికి చోటు లేదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రిజిస్ట్రేషను పెట్టింది. 50 ఏళ్ళు దాటాలి, అసలు రూపం మారకూడదు. ఆ వార్త చదివి మావయ్య కాగితాలన్నీ ఫైలులో పెట్టుకుని వచ్చాడు. తీరా చూస్తే ఆ నియమం కార్లకీ, టూవీలర్లకే. మహారాజుల కార్లు వింటేజ్ అవుతాయి, జనానికి ఉప్పూ చింతపండూ మోసిన లారీ తుక్కు అవుతుంది. "రోడ్డెక్కకపోతే ఏటి? తోటలోనే తోలుకుంటాను" అన్నాడాయన. తోట మొత్తం ఎకరమే.

కామెట్ బాబాయి ఇంకా సాలూరులోనే ఉన్నాడు. ఎనభై ఆరేళ్ళు. కుదిరిన ఆదివారమల్లా బస్సెక్కి వస్తాడు, దారిలో రామభద్రపురంలో దిగి మార్కెట్లో వంకాయలు కొని మరీ వస్తాడు. మోయలేక మోసుకొస్తే మావయ్య కోడలు తీసుకుని, మా వీధిలో దొరకవా అంటుంది. బాబాయికి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి దగ్గర అరవాలి. ముప్పై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చుంటే అంతే మరి. ఫార్గో తాత ఎప్పుడో పోయాడు. పిల్లలు బండి తుక్కుకి ఇచ్చేసినా మూతి మీది పలక మాత్రం ఉంచారు. మావయ్య అడిగి తెచ్చి మామిడి చెట్టుకి మేకులు కొట్టాడు. చెట్టు మీద ఫార్గో అని చూసి కొత్తవాళ్ళు అదేదో మామిడి రకం అనుకుంటారు.

ఈ మధ్య ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు తోటకి వస్తున్నారు. ముందు ఫోన్లో వీడియోలు తీసుకోడానికి వచ్చారు, ఇప్పుడు పాత బట్టలు తెచ్చుకుని బండి కిందకి దూరుతున్నారు. నాలుగేళ్ళుగా బెంజి స్టార్ట్ చెయ్యలేదు. ఈ దసరాకి ఎలాగైనా ఇంజను పలికించి పూజ చెయ్యాలని పట్టుబట్టింది వాళ్ళే. నాజిళ్ళు విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాం. నీళ్ళ పంపుకి, అతుకు దగ్గర కారకుండా వేసే పేకింగు ఎక్కడా దొరకలేదు. కుర్రాళ్ళు ఆన్‌లైన్లో వెతుకుతుంటే కామెట్ బాబాయి ఒక పేకింగు షీటు అడిగాడు. దాన్ని పంపు మూతి మీద పరిచి, బొటనవేలితో నొక్కి పట్టి, చిన్న సుత్తితో అంచుల వెంట టకటకా కొట్టుకుంటూ పోయాడు. ఇనుము అంచు మీద పడిన చోటల్లా షీటు తెగుతుంది. బోల్టు కన్నాల మీద సుత్తి గుండు వైపు పెట్టి ఒక్కో దెబ్బ. అయిదు నిమిషాల్లో పేకింగు తయారు. టీ గ్లాసు పట్టుకుంటే తొణికే చెయ్యి, సుత్తి పట్టుకుంటే ఒక్క దెబ్బ పక్కకి పోలేదు. కుర్రాళ్ళలో ఒకడు ఆ తెగిన ముక్కల్ని ఏరి జేబులో వేసుకున్నాడు.

ఆయుధపూజ నాడు పొద్దున్నే చేరాం. ఊరంతా పైడితల్లి అమ్మవారి పండగ హడావుడిలో ఉంది, మంగళవారం సిరిమాను. నేను ఇంట్లోంచి రాడ్డు తీసుకుని స్కూటరు మీద అడ్డంగా పెట్టుకుని వెళ్ళాను, కానిస్టేబుల్ ఒకతను ఆపి ఇదేమిటని అడిగాడు. చెవి అని చెప్పలేక కర్టెన్ కడ్డీ అన్నాను.

గాలి తీసే పని నాకు ఇచ్చారు. మావయ్య పక్కనే నిలబడ్డాడు. నురగ, బుడగలు, ధార. స్క్రూ బిగించి చూపించాను. ఆయన పానా తీసుకుని ఇంకోసారి తనే బిగించాడు. నలభై ఏళ్ళయినా నా మీద నమ్మకం అంతే.

హీటరు పెట్టి ఇరవై లెక్కపెట్టాం. సెల్ఫ్ కొడితే ఒక మూలుగు మూలిగి ఆగింది. రెండోసారీ అంతే. అప్పుడు మావయ్య మమ్మల్ని పక్కకి తప్పుకోమని, దిమ్మలు తీయించి, రెండో గేరులో పెట్టి క్లచ్చు తొక్కి బండిని వదిలేశాడు. పల్లంలో పది గజాలు జారాక క్లచ్చు వదిలాడు. బండి గుమ్మానికి తట్టుకున్నట్టు ఒక్క కుదుపు కుదిపింది. రెండు సిలిండర్లు పలికాయి, తర్వాత నాలుగు. తెల్లటి పొగ తోటంతా కమ్మేసింది. కాసేపటికి ఆరూ ఒక్క గొంతు అయ్యాయి. చెట్టు మీద పలక అదిరి గలగలలాడింది.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కామెట్ బాబాయి చెయ్యి చాపాడు. రాడ్డు ఇచ్చాను. మొనని బ్లాకు మీద పెట్టి బిళ్ళని కుడి చెవికి ఆనించాడు, తల అడ్డంగా ఊపాడు, వినపడలేదు. బిళ్ళని చొక్కాకి తుడిచి పళ్ళ మధ్య పెట్టుకుని కొరికాడు. కళ్ళు మూసుకున్నాడు. దవడ ఎముకలోంచి లోపలికి పోతున్నట్టుంది, మొహం మెల్లిగా విప్పారింది. మొదటి సిలిండరు, రెండు, మూడు. నాలుగో దాని దగ్గర చాలాసేపు ఆగాడు.

రాడ్డు నోట్లోంచి తీసి, "నాలుగోదాని కాడ ఏటో ఉన్నాది" అన్నాడు గట్టిగా. "సిన్న సౌండు. ఈయేల కాదు. వచ్చే ఆదివారం ఇప్పి సూడాల."

కుర్రాడు గబగబా రాడ్డు అందుకుని చెవికి పెట్టుకున్నాడు. కాసేపు విని, "నాకేం వినపడలేదండీ, బాగానే ఉంది" అన్నాడు నాతో.

బెంజిని ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోని మావయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఒక నిమిషం కామెట్ బాబాయి వైపే చూశాడు. తర్వాత స్టాప్ నాబు లాగి ఇంజను ఆపాడు.

"అవును బావా" అన్నాడు. "నాకూ ఇనపడతంది."

నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, పులిహోర తిని సాయంత్రం బయల్దేరాం. రాడ్డు ఇంటికి తేలేదు. డ్రైవరు సీటు వెనకాల పెట్టి వచ్చాను, ఆదివారం మళ్ళీ కావాలి కదా.